దర్బార్‌లో అర్జీ, మార్లవాయిలో బడి

పోస్టు పెద్దగనే ఉంటది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న సెలవులకు ఇంటికి పోయిన. మా గూడెంలో బడి వాగు అవతల ఉంటది. వానాకాలం వాగు దిగితే పిల్లలు పోరు, అటు నుంచి సారు రాడు. "బడికి ఆ జాగ ఎవరు చూపెట్టిండ్రు?" అని మా పెద్దనాయనను అడిగిన. ఆయన నవ్విండు. "లారీ అక్కడి దాంకనే వచ్చింది బిడ్డా. ఇటుకలు అక్కడ దింపిండ్రు. దింపిన కాడనే కట్టిండ్రు" అన్నడు. కాసేపు ఆగి, "మా నాయన చదివిన బడి ఊరి నడుమ ఉండేదట. పంతులు కూడ మనోడే, గోండుల పోరడే" అన్నడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. తాత చదివిన కాలం అంటే దాదాపు ఎనభై ఏండ్ల కింద. అప్పుడు రోడ్డు లేదు, కరెంటు లేదు, నిజాం రాజ్యం. అప్పటి బడి ఊరి నడుమ ఉండి, ఇప్పటి బడి వాగు అవతలకు ఎట్ల పోయింది? ఈ ప్రశ్న పట్టుకొని చదివితే దారి మార్లవాయికి పోయింది. మనలో చాలామందికి మార్లవాయి అంటే జనవరి 11న పూలదండలు వేసే సమాధులు. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ పేర్లు అందరికీ తెలుసు. అక్కడ నడిచిన బడి గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటం.

ఈ కథ హైమన్‌డార్ఫ్‌తో మొదలు కాదు. అది మొదట చెప్పాలె. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిండు. అడవిని రిజర్వు చేసి, గూడేలను ఖాళీ చేయించి, పశువులు మేసినా కట్టె కొట్టినా మామూళ్లు గుంజిన చౌకీదార్ల మీద, జాగలు పట్టా చేయించుకున్న బయటోళ్ల మీద లేచిన తిరుగుబాటు అది. నిజాం పోలీసులు దాన్ని తుపాకులతో అణిచిండ్రు. ఆ తర్వాతనే సర్కారుకు ఒక ప్రశ్న పుట్టింది: అసలు ఈ గోండులకు ఏమైంది? ఎందుకు లేచిండ్రు? ఆ సంగతి తెలుసుకొని చెప్పమని పంపిన మనిషే హైమన్‌డార్ఫ్. అంటే మార్లవాయి బడి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. జోడేఘాట్‌లో చిందిన రక్తం లేకుంటే ఆ ఫైలే తెరుచుకునేది కాదు. మన సభల్లో హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేసి మాట్లాడేటోళ్లు ఉన్నరు, తెల్లదొర అని కొట్టిపారేసేటోళ్లూ ఉన్నరు. రెండూ నాకు సరిగ్గ అనిపించవు.

ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రవేత్త. 1939లో భారతదేశానికి వచ్చిండు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండేసరికి బ్రిటిష్ సర్కారుకు ఆయన శత్రుదేశపు మనిషి అయ్యిండు. అట్ల హైదరాబాద్ రాజ్యం దాటి పోకుండ ఉండిపోవాల్సి వచ్చింది. నల్లమలలో చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర పనిచేసి, తర్వాత ఆదిలాబాద్ వచ్చిండు. వచ్చి ఆసిఫాబాద్ బంగళాలో కూర్చోలేదు. ఇప్పటి జైనూర్ మండలంలో ఉన్న మార్లవాయిలో గుడిసె వేసుకొని భార్యతో కలిసి ఉన్నడు. గోండి నేర్చుకున్నడు. ప్రధానులు కింగ్రి వాయిస్తూ చెప్పే దేవుళ్ల కథలు రాసుకున్నడు. పెళ్లిళ్లు, పేన్ పూజలు, దండారి, చావులు అన్నీ చూసిండు. తర్వాత ఆయన సర్కారుకు రాసిన రిపోర్టులకు బలం ఇక్కడి నుంచే వచ్చింది. ఊర్లో ఉంటే ఎవరి భూమి ఎట్ల పోయిందో, చౌకీదార్ ఎంత తీసుకుండో, సాహుకారు చిట్టాలో ఏం రాసిండో పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడే వినబడుతది.

అట్ల విన్నదాంట్లో ఒక సంగతి మళ్లీ మళ్లీ వచ్చింది. మనోళ్లకు కాగితం చదవరాదు. జుర్మానా రెండు రూపాయలు కట్టించుకొని రసీదులో ఎంత రాసిండో తెల్వదు. పట్టా ఎవరి పేరు మీద ఉందో తెల్వదు. పట్వారీ చెప్పిందే లెక్క. ఇసుంటి కాడ భూమి ఇచ్చినా నిలువదు. కాబట్టి చదువు కావాలె.

ఇక్కడ మామూలుగ సర్కారు ఏం చేస్తది? బడి మంజూరు చేస్తది, పట్నం నుంచి పంతులును పోస్టింగ్ మీద పంపుతది. ఆ రోజుల్లో రాజ్య భాష ఉర్దూ. ఆఫీసు ఉర్దూలో, పై చదువు ఉర్దూలో, ఉస్మానియా యూనివర్సిటీయే ఉర్దూ మీడియం. కాబట్టి పంతులు ఉర్దూ పంతులు అవుతడు. ఆ పంతులుకు గోండి రాదు, పిల్లలకు ఉర్దూ రాదు. గూడెంలో ఆయనకు ఉండబుద్ధి కాదు, జొన్న గట్క తినబుద్ధి కాదు, మలేరియా జ్వరం వస్తది. నెలకు పది రోజులు ఉంటే ఎక్కువ. ఇది నేను ఊహించి రాస్తున్న అనుకోకండి, ఉర్దూ తీసేసి మన కాలం పెట్టి చదవండి, మీ ఊరి బడే కనబడుతది.

మార్లవాయిలో వరుస తిరగేసిండ్రు. పిల్లల బడి కంటే ముందు పంతుళ్ల బడి పెట్టిండ్రు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లలకు గోండు పంతులే చెప్పాలె అనేది మూలసూత్రం. కాని పంతులు కావడానికి చదువుకున్న గోండు ఏడి? ఎట్లనో కొద్దిగ మరాఠీ అక్షరాలు కూడబలుక్కున్న యువకులు అక్కడక్కడ ఒకరిద్దరు దొరికిండ్రు. వాళ్లను పట్టుకొచ్చి చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచి, చెప్పే పద్ధతి నేర్పిండ్రు. గోండి భాషలో వాచకాలు తయారు చేసి, దేవనాగరి లిపిలో అచ్చు వేయించిండ్రు. లిపి దేవనాగరి ఎందుకంటే ఆ కొండల్లో అంగడి భాష, పొరుగు భాష మరాఠీ. కొద్దో గొప్పో చదవొచ్చినోళ్లకు వచ్చిన అక్షరాలు అవే. తెలుగు అక్కడికి అప్పటికి దూరం.

ఈ నిర్ణయం చిన్నగ కనబడుతది, కాని నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. లిపి ఏది అని హైదరాబాద్‌లో కూర్చొని నిర్ణయిస్తే జవాబు ఉర్దూ. మార్లవాయిలో కూర్చొని చూస్తే దేవనాగరి. ఎక్కడ కూర్చున్నరు అనే దాన్నిబట్టి జవాబు మారింది. పిల్లగాడు మొదట తన ఇంటి మాటను అక్షరంలో చూస్తడు, ఆ తర్వాత పై భాష నేర్చుకుంటడు.

శిక్షణ అయిన పంతుళ్లు మళ్లా గూడేలకే పోయిండ్రు. వాళ్లకు బదిలీ మీద పట్నం పోవాలనే ఆశ లేదు, ఎందుకంటే వాళ్ల చేను అక్కడే, వాళ్ల పేన్ అక్కడే. బడి ఊరి నడుమ ఉంది. కట్టెలు, తడకలు, గడ్డితో ఇల్లు కట్టినట్టే బడీ కట్టొచ్చు, దానికి లారీ రానవసరం లేదు. పొద్దున పిల్లలకు అక్షరాలు చెప్పిన పంతులే సాయంత్రం పెద్దోళ్లకు నోటీసు చదివి చెప్తడు, అర్జీ రాసి పెడతడు. మార్లవాయిలో తయారైనోళ్లలో కొందరు పంతుళ్లు కాకుండ పట్వారీలు, అటవీశాఖలో చిన్న ఉద్యోగులు అయిండ్రు. నిన్నటి దాంక ఏ పట్వారీ కాగితానికి భయపడ్డమో ఆ కాగితం ఇప్పుడు మనోడి చేతిలో ఉంది. బడి అంటే పిల్లల అక్షరాలు ఒక్కటే కాదు, సర్కారుకూ గూడేనికీ నడుమ ఉన్న తలుపు తాళంచెవి అది.

అదే కాలంలో భూమి పని కూడ నడిచింది. లావణి పట్టాల కింద ఆదిలాబాద్‌లో 11 వేలకు పైగ ఆదివాసీ కుటుంబాలకు లక్షా అరవై వేల ఎకరాల దాంక ఇచ్చినట్టు లెక్కలు ఉన్నయి. ఈ పనిలో సేతుమాధవరావు పగడి అనే అధికారి పేరు కూడ గుర్తుంచుకోవాలె. ఆయన గోండి, కొలామీ నేర్చుకొని పనిచేసిండు, 1949లో ఆదిలాబాద్ గోండుల మీద ఒక పుస్తకం, ఆ మరుసటి ఏడాది కొలామీ భాషకు వ్యాకరణం రాసిండు. ఒక రెవెన్యూ అధికారి వ్యాకరణం రాసుడు ఇప్పుడు ఊహించగలమా!

ఒక లోటు కూడ ఒప్పుకోవాలె. మనం 'ఆదివాసీ సమాజం' అని ఒక్క మాటలో అనేస్తం కాని, కొలాం పిల్లకు గోండి ఇంటి భాష కాదు. గోండి బడి గోండు పిల్లకు ఎంత దగ్గరో కొలాం పిల్లకు అంత దగ్గర కాదు. పేరుకు ఊరంతా కూర్చున్నా, కొండ మీది కొలాం గూడెం నుంచి ఎవరు వచ్చిండ్రు అని చూడాలె. ఈ మాట మన సంఘాలకూ వర్తిస్తదని తెలిసే రాస్తున్న.

ఇప్పుడు దర్బార్ సంగతి. కేస్లాపూర్ నాగోబా జాతర మనందరికీ తెలుసు. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు నడిచి తెచ్చి పూజ చేస్తరు. ఇంతమంది ఒక్కచోట చేరే దినం ఇంకోటి లేదు కాబట్టి, అధికారులే అక్కడికి వచ్చి జనం బాధలు వినాలె అని 1940లల్లో దర్బార్ మొదలైంది. దీనికీ హైమన్‌డార్ఫే కారణం. ఆ రోజుల్లో ఇది పెద్ద మార్పు. గోండు ఆసిఫాబాద్ కచ్చేరీకి నడిచిపోయి బయట చెట్టు కింద రెండు రోజులు కూర్చునే బదులు, కచ్చేరీయే మన దేవుని కాడికి వచ్చింది. మన తిథికి, మన జాగకు.

కాని దర్బార్, బడి ఒక్కటి కాదు. దర్బార్‌లో మనం అర్జీ ఇస్తం, నిర్ణయం వాళ్లది. బడిలో పని మన చేతిలో ఉంది, పంతులు మనోడు, పుస్తకం మన మాట. దర్బార్ అంటే వినడం. వినడం మంచిదే. కాని వింటే సరిపోదు. తర్వాతి కాలం నాకు ఇక్కడే అర్థమైంది: సర్కార్లు మారినా దర్బార్ మిగిలింది, బడి పోయింది. ఇయ్యాల్టికీ దర్బార్ నడుస్తుంది. మంత్రులు వస్తరు, కలెక్టర్ గారు వస్తరు, పీవో గారు వస్తరు, స్టేజీ ఉంటది, సౌండ్ బాక్సులు ఉంటయి. అర్జీలు కుప్పలు పడతయి. వినే పద్ధతి ఏ సర్కారుకూ బరువు కాదు. చేతికిచ్చే పద్ధతే బరువు.

బడి ఎట్ల పోయింది? ఒక్క రోజులో కాదు. 1948లో పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయింది. హైమన్‌డార్ఫ్ లండన్ పోయి అక్కడ యూనివర్సిటీలో చేరిండు. ఉర్దూ స్థానం కూలింది. 1956లో రాష్ట్రాలు భాషల లెక్కన విడగొట్టినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయినయి, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. తెలుగోళ్లకు ఒక రాష్ట్రం, మరాఠీలకు ఒక రాష్ట్రం. గోండి మాట్లాడేటోళ్లు మాత్రం నడుమ గీతకు అటూ ఇటూ. మేనమామ కిన్వట్‌లో మరాఠీ, మేనల్లుడు ఉట్నూర్‌లో తెలుగు. దేవనాగరిలో అచ్చైన గోండి వాచకం తెలుగు రాష్ట్రంలో ఎవరికీ పట్టలేదు. పంతుళ్ల పోస్టులకు అర్హతలు రాష్ట్రమంతటికీ ఒక్కటే అయినయి. ఆ అర్హతలు ఉన్నోళ్లు మైదానం నుంచి వచ్చిండ్రు. వాళ్లలో మంచోళ్లు లేరని కాదు, నాకు ఏబీసీడీలు నేర్పిన సారు మైదానపోడే, ఆయనను నేను ఎన్నటికీ మరువ. కాని ఆయన ప్రతి సోమవారం బస్సు దిగేసరికి పదకొండు దాటేది.

హైమన్‌డార్ఫ్ 1970ల చివర్లో మళ్లా వచ్చి చూసిండు. తాను దగ్గరుండి ఇప్పించిన భూములు చేతులు మారినయి, రోడ్లు పడ్డ కాడల్లా వలస వచ్చినోళ్లు నిండిండ్రు. 1982లో అచ్చైన ఆయన పుస్తకంలో ఆ బాధంతా ఉంది. 1959 భూబదలాయింపు చట్టాన్ని 1963లో తెలంగాణకు తెచ్చిండ్రు, 1970లో దాన్ని గట్టి చేసిండ్రు, మన నోట్లో నానే వన్ ఆఫ్ సెవెంటీ అదే. చట్టం కాగితం మీద ఉంది, భూమి మాత్రం జారుతనే పోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో ఈ గ్రూపులో చెప్పే పని లేదు.

ఐటీడీఏలు వచ్చినయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చినయి. ఆశ్రమ పాఠశాల లేకుంటే ఈ పోస్టు రాసే నేను లేను, అది దాచను. అన్నం పెట్టింది, బట్ట ఇచ్చింది. కాని బడిని ఊరికి తెచ్చే బదులు పిల్లను ఊరి నుంచి తీసుకపోయే పద్ధతి అది. తల్లిదండ్రులు నెలకోసారి గేటు కాడ చుట్టాల్లెక్క నిలబడాలె.

మార్లవాయి ఆలోచన మాత్రం పూర్తిగ చావలేదు, అక్కడక్కడ మొలకెత్తింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టిండ్రు. గోండి, కొలామీ, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. ఈసారి కొలామీకి కూడ పుస్తకం వచ్చింది. ఈసారి లిపి తెలుగు. ఆదివాసీ పంతుళ్లే కూర్చొని పాఠాలు రాసిండ్రు. కొన్నేండ్లు నడిచి నీరసించింది. ఆ తర్వాత నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు దాచుకున్న చేతిరాత పుస్తకాలు బయటి లోకానికి తెలిసినయి. హైదరాబాద్ యూనివర్సిటీ సార్లు, గుంజాల పెద్దలు కలిసి ఆ లిపికి ఫాంట్ తయారు చేయించిండ్రు, 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. అంటే ఎనభై ఏండ్లలోపే ఒకే గోండి మాటను మూడు లిపుల్లో రాసినం. తాత దేవనాగరిలో, అక్క తెలుగులో, తమ్ముడు గుంజాలలో. ఒకరి పుస్తకం ఇంకొకరు చదవలేరు.

పంతుళ్ల సంగతికి వస్తే, 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. జీవో భాష వేరే కాని మార్లవాయి సూత్రం అదే: గూడెం బడికి గూడెం మనిషి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది, నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదని. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లను తీసేయలేదు. మనం దీన్ని ఉద్యోగాల గొడవగనే మాట్లాడినం, ధర్నాలు చేసినం. డీఎస్సీ రాసే అన్నలకు అది బతుకు సమస్యే, కాదనను. కాని ఒకటో తరగతి పిల్ల వైపు నుంచి ఆ కేసును మనం గట్టిగ చెప్పలేకపోయినమేమో అనిపిస్తది.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. 1996 పెసా చట్టం, సామాజిక రంగాల సంస్థల మీద, అంటే బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ లాంటి వాటి మీద, వాటిల్లో పనిచేసేటోళ్ల మీద అదుపు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలన్నది. 1998లో మన రాష్ట్రం చేసిన చట్టంలో ఆ 'తగిన స్థాయి' మండల పరిషత్ అయింది. రూల్స్ రావడానికి 2011 దాంక పట్టింది. గూడెం నుంచి మండలం దాంక ఎన్ని వాగులో మీకు తెలుసు.

ఇదంతా మా పెద్దనాయనకు చెప్పిన. మా వదిన పక్కనే కూర్చొని వింటుంది. "గోండి మేం ఇంట్లో నేర్పుకుంటం గాని, బడిలో ఇంగ్లీష్ చెప్పమను" అన్నది. నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఊరిని అడగాలె అని ఇంతసేపు నేనే చెప్పిన. అడిగితే ఊరు నా పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాలని ఎక్కడ ఉంది? రాత్రి చానాసేపు మాట్లాడుకున్నం. ఒకటో తరగతి పిల్లకు సారు చెప్పేది అర్థం కావాలె అన్న దగ్గర మాత్రం అందరికీ మాట కలిసింది. గోండి వచ్చిన వలంటీరు ఒకరు బడిలో ఉండాలె, ఇంగ్లీష్ రెండో ఏడు నుంచి గట్టిగ చెప్పాలె అని వదినే అన్నది. అది మార్లవాయి నమూనా కాదు, మా వదిన నమూనా.

బడి జాగ సంగతి కూడ ఆ రాత్రే తేలింది. పటేల్ ఇంటి పక్క ఇప్ప చెట్ల కాడ రెండు గుంటలు ఖాళీ ఉంది. ఒకటి, రెండు తరగతులు అక్కడ నడిపించాలని, పెద్ద పిల్లలకు వాగు మీద నడిచే వంతెన కావాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నం. అర్జీ కాదు, తీర్మానం. రాసే పని నాకు అప్పజెప్పిండ్రు. కొండ మీది కొలాం గూడేనికి మా పెద్దనాయన స్వయంగ పోయి చెప్పి వస్తనన్నడు.

ఒక సాయం కావాలె. మీ ఇంట్లో, మీ తాతల సందూకల్లో దేవనాగరిలో అచ్చైన పాత గోండి వాచకం ఏదన్న ఉంటే ఫొటో తీసి పంపండి, పేజీలు చినిగినా పర్వాలేదు. మార్లవాయిలో చదివిన తాతలు గాని, వాళ్ల దగ్గర అక్షరాలు దిద్దిన పెద్దలు గాని ఎక్కడన్న ఉంటే ఊరి పేరు చెప్పండి. దండారికి ముందు వచ్చి కలుస్త. గోండి మాట్లాడగలను, దేవనాగరి చదవగలను. గుంజాల లిపి ఇంకా నేర్చుకుంటున్న.